ఇంటి తపేలాకు వేసిన కళాయి

"కొంగు విదిలించు."

గుల్జార్ బేగం వంటింటి గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది. షహనాజ్ చీరకొంగు రెండు చేతులా విప్పి విదిలించింది. ఒక్క మెతుకు రాలలేదు.

"చూశారుగా అత్తా."

"చూశా. కొంగులో లేదు. మరి యాడికి పోతంది కూడంతా? పొద్దున రెండు రొట్టెలు తిన్నావు, గుడ్డు తిన్నావు. మొన్న సోమారం మద్దేనం పళ్లెం నిండా పెట్టా. పులుసు రెండోసారి అడిగి పోయించుకున్నావు. నా కళ్లతో చూశా గదా. అంత తిన్నదాని కడుపు ఇట్టా ఉంటదా ఏడో నెల్లో?"

షహనాజ్ కొంగు మళ్లీ భుజం మీద వేసుకుంది. ఈ ప్రశ్నకు జవాబు చెబితే ఒక తప్పు, చెప్పకపోతే ఇంకో తప్పు అని నాలుగు రోజుల్లో ఆమెకు బాగా తెలిసొచ్చింది.

అత్తగారు అంతటితో ఊరుకునే మనిషి కాదు. పెరట్లోకి పోయి తూము దగ్గర వంగి, పుల్లతో మురుగు కెలికింది. కోళ్లగూడు వెనక చూసింది. కోడలు అన్నం పారబోస్తోందని ఆమె గట్టి నమ్మకం. ఎక్కడో ఒకచోట మెతుకులు కనిపిస్తే చాలు, కొడుకును పిలిచి చూపించొచ్చు. ఎక్కడా కనిపించకపోయేసరికి ఆమె కోపం ఇంకాస్త పెరిగింది.

నిజం చెప్పుకోవాలంటే గుల్జార్ బేగం రాక్షసి కాదు. కోడలు నీళ్లోసుకున్న రోజు నుంచి తాను గుడ్డు తినడం మానేసి ఆమెకు పెడుతోంది. తన వాటా పాలు కూడా ఆమెకే పోస్తోంది. అంత పెట్టిన మనిషి కాబట్టే అంత గట్టిగా అడుగుతోంది.

షహనాజ్‌కి ఇది మూడోసారి. మొదటిది నాలుగో నెలలోనే పోయింది. రెండోసారి నెలలు నిండి మగపిల్లాడు పుట్టాడు. ఎంతున్నాడు? మంత్రసాని వాణ్ణి ఒక్క అరచేతిలో పెట్టుకుని చూపించింది. పాలు కుడవడానికి కూడా ఓపిక లేక మూడో రోజు మధ్యాహ్నం కళ్లు మూశాడు. ఈ మూడోదన్నా దక్కుతుందా లేదా అన్నదే ఇప్పుడు ఆ ఇంట్లో అందరి గుండెల్లో ఉన్న మాట. దాన్ని ఒక్కొక్కరు ఒక్కో రకంగా పైకి అంటున్నారు. షహనాజ్ అసలు అనడం లేదు.

ఆమెను అత్తగారి తిట్ల కంటే ఎక్కువ బాధ పెడుతున్నది ఇంకొకటి ఉంది. మంగళవారం మిషన్ ఆసుపత్రిలో డాక్టరమ్మ చెప్పిన మాట.

ఆ రోజు పక్కింటి కృపమ్మ తోడు వెళ్లింది. నర్సు ఫిలోమినా కడుపు మీద టేపు పెట్టి కొలిచి, కాగితం మీద పోయిన నెల అంకె చూసి, మళ్లీ కొలిచింది. రెండు అంకెలూ ఒకటే. "పెరగలేదమ్మా" అంది. కృపమ్మ ఆ ముక్క మోసుకొచ్చి గుల్జార్ బేగం చెవిన వేసింది. పాపం, మంచి మనసుతోనే వేసింది. అయితే ఆ తర్వాత డాక్టరమ్మ కృపమ్మను బయట కూర్చోమని, షహనాజ్‌ని ఒక్కదాన్నే లోపల ఉంచిన సంగతి ఎవరికీ తెలియదు.

"నోరు తెరువు" అంది డాక్టరమ్మ. పెదవి పైకెత్తి చిగుళ్లు చూసింది. పళ్ల మొదట్లో సన్నటి నీలిగీత ఉంది. "కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి వస్తుందా? మలబద్ధకం?"

"వస్తదండి. చానా రోజుల నుంచి."

వేలు పొడిచి రక్తం చుక్క గాజుబిళ్ల మీద వేయించి, తానే వెళ్లి మైక్రోస్కోపులో చూసి వచ్చింది. వచ్చి కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"మీ ఆయన ఏం పని చేస్తాడమ్మా?"

"కళాయి పనండి. ఇత్తడి గిన్నెలకి, రాగి డేగిసాలకి లోపల పూత వేస్తాడు."

"దేంతో వేస్తాడు?"

"తగరంతోనండి." ఆ మాట షహనాజ్ కాస్త గొప్పగానే చెప్పింది. నరసరావుపేటలో సుభానీ కళాయి అంటే పేరు.

"అంతా తగరమేనా? సీసం కలపడు గదా?"

"అబ్బే, లేదండి."

డాక్టరమ్మ కాగితం పక్కన పెట్టింది. "చూడమ్మా, నువ్వు తినడం లేదని ఎవరన్నా అంటే నమ్మకు. నువ్వు తింటున్నావు. కానీ నువ్వు తిన్నది నేరుగా బిడ్డకు పోదు. కడుపులో బిడ్డతో పాటు పెరిగే మాయ దాటి పోవాలి. నీ రక్తంలోంచి ఏం కావాలో అది ఏరి బిడ్డకు అందించే పని మాయది. ఒంట్లోకి సీసం చేరిందంటే ఆ పని పాడవుతుంది. బిడ్డ ఎముకకు సున్నం కావాలి. ఆ సున్నం పోవాల్సిన దారిలో సీసం దూరిపోతుంది. మాయకు తేడా తెలియదు, రానిచ్చేస్తుంది. ఇనుము సరిగ్గా అందదు. మాయే చిన్నదైపోతుంది. నువ్వు పళ్లెం నిండా తిన్నా అవతల బిడ్డ పస్తు ఉంటుంది."

షహనాజ్ రెండు చేతులూ కడుపు మీదికి వచ్చాయి.

"రక్తం గుంటూరు పంపించి చూస్తేగాని గట్టిగా చెప్పలేను. ఆ కాగితాలు నేను చూసుకుంటా. నువ్వు మాత్రం ఇంట్లో సీసం ఎక్కడుందో కనుక్కో. మంగళవారం వచ్చి నాకు చెప్పు. అది ఆపేసి, పాలు, రాగిజావ బాగా తాగితే ఈ రెండు నెలల్లో బిడ్డ కొంతన్నా ఎదగొచ్చు. ఆపకపోతే..."

ఆ 'ఆపకపోతే' తర్వాత మాట ఆమె చెప్పలేదు. షహనాజ్‌కి చెప్పాల్సిన పనీ లేదు. అరచేతిలో పట్టిన పిల్లాడు ఆమె కళ్లముందు ఉన్నాడు.

ఇంటికి వచ్చిన మర్నాడు, అత్తగారు నమాజులో ఉండగా, ఆమె తెల్లగుడ్డ తీసుకుని పులుసు తపేలా లోపలి వైపు గట్టిగా రుద్దింది. కళాయి వాళ్ల కోడలు కాబట్టి ఆ పరీక్ష ఆమెకు తెలుసు. మంచి తగరమైతే గుడ్డకు ఏమీ అంటదు, సీసం కలిస్తే నల్లబడుతుంది. గుడ్డ తీసి చూస్తే బొగ్గు తుడిచినట్టు నల్లగా ఉంది.

గుడ్డను మడిచి బియ్యం డబ్బా అడుగున పెట్టింది. మూడు రోజులుగా అది అక్కడే ఉంది. మొగుడు ఊరందరినీ మోసం చేస్తున్నాడా? ఆ మాట ఎవరితో అనాలి? పుట్టింట్లో తల్లి లేదు. అన్న ఉన్నాడంటే ఉన్నాడు. పక్కింటి కృపమ్మతో అంటే చీకటి పడేలోగా రైలుకట్ట అవతలి దాకా పాకుతుంది. ఇంత మందిలో ఉంటూ, ఒక్క మాట చెప్పుకోవడానికి ఒక్క మనిషి లేకపోవడం ఎంత బరువో షహనాజ్‌కి ఆ మూడు రోజుల్లో తెలిసింది.

*

మధ్యాహ్నం సుభానీ అన్నానికి వచ్చాడు. చేతులకు కళాయి వేసే ముందు చల్లే నవాసారం పొడి, ముఖానికి కొలిమి మసి. సంచీ గోడకు చేరేసి కాళ్లు కడుక్కుని పీట మీద కూర్చున్నాడు. మాటలు తక్కువ మనిషి. ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ల మధ్య బతకడానికి అదొక్కటే మార్గమని ఏనాడో కనిపెట్టాడు.

గుల్జార్ బేగం ముందు కోడలికి వడ్డించింది. అన్నం మధ్యలో గుంట చేసి, తపేలాలోంచి గోంగూర పులుసు రెండు గరిటెలు పోసింది. తాను మాత్రం కీళ్లనొప్పులకు పులుపు పడదని పెరుగన్నం కలుపుకుంది.

"నాకు పులుసు వద్దత్తా" అంది షహనాజ్.

"ఏం?"

"వద్దు. కాసిని పాలు పోసుకుంటా."

"విన్నావంట్రా సుభానీ? నెల తప్పిన కాడ నుంచి పులుపు పులుపు అని ప్రాణం తీసింది. రాత్రి మిగిలిన పులుసు తెల్లారి లేచి తాగేది. ఇప్పుడేమో వద్దంట. నువ్వుండంగా నీ ముందే తినదు. ఇంక నువ్వు లేనప్పుడు ఏం తింటదో నువ్వే చెప్పు."

"తినరాదూ" అన్నాడు సుభానీ, పళ్లెం లోకి చూస్తూ.

షహనాజ్ చెయ్యి కడుక్కోకుండానే లేచింది. ఇన్నాళ్లూ గొంతు దగ్గర ఆగిన మాట ఇంక ఆగలేదు.

"డాక్టరమ్మ నా ఒంట్లో సీసం ఉందనింది. సీసం ఉంటే మాయ పనిచెయ్యదంట. నేనెంత తిన్నా బిడ్డకు పోదంట. ఇంట్లో సీసం యాడుందో కనుక్కోమనింది."

సుభానీ చేతిలో ముద్ద పళ్లేనికీ నోటికీ మధ్య ఆగింది.

"సీసమా?" అంది గుల్జార్ బేగం నెమ్మదిగా. "మనింట్లోనా? ఏమే, కళాయి కొంపకొచ్చి సీసం గురించి నువ్వు నాకు చెప్తున్నావా?"

"నేను కాదత్తా, డాక్టరమ్మ..."

"మీ మామ నలభై ఏళ్లు కొలిమి ఊదాడు. కోమట్ల పెళ్లిళ్లకి, సాయిబుల పెళ్లిళ్లకి డేగిసాలన్నీ ఆయన చేతి మీదుగానే పోయినయ్యి. తగరం దొరకనప్పుడు పని మానేసి పస్తులున్నాడు గాని గురిగింజంత సీసం కలపలా. ఆ ఇంట్లో సీసం ఉందంటావా? తిండి పారబోసి దొరికిపోయేసరికి, చచ్చి మట్టిలో ఉన్నోడి మీదికి నెడతావా?"

"మామని నేను ఏమీ అనలా."

"అన్నావు. నా మొగుణ్ణి అన్నావు. నా కొడుకునీ అన్నావు."

గుల్జార్ బేగం చెయ్యి కడుక్కుని గోడవారనున్న సంచీ దగ్గరికి పోయింది. సుభానీ "అమ్మా, ఎందుకు" అన్నాడు గాని లేవలేదు. ఆమె సంచీలోంచి వేలెడు మందం కడ్డీ తీసింది. రెండు కొసలూ పట్టుకుని, చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా వంచింది.

చిటచిటమని శబ్దం వచ్చింది. వంటింట్లో నిలబడిన షహనాజ్‌కి కూడా వినపడింది. అసలు తగరం వంచితే అలా అరుస్తుంది. సీసం కలిస్తే నోరు మెదపదు.

"విన్నావా?" గుల్జార్ బేగం కడ్డీని కోడలి చెవి దగ్గరికి తెచ్చి మళ్లీ వంచింది. "విను. ఇంకోసారి విను. సీసం అట్టా మాట్లాడుద్దా?"

షహనాజ్‌కి అనుమానం లేదు. కడ్డీ నిఖార్సైన తగరమే. మరి గుడ్డ ఎందుకు నల్లబడింది? ఆమె మొగుడి వైపు చూసింది. పందెం గెలిచినట్టు అతని ముఖం వెలగాలి. తల్లి అతని పరువు నిలబెట్టింది కదా. కానీ సుభానీ ముఖం పాలిపోయి ఉంది. పళ్లెంలో పులుసు వైపు చూస్తున్నాడు. దాన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూస్తున్నాడు.

"రేపు పొద్దున బస్సుకి దీన్ని బెల్లంకొండలో వాళ్లన్న కాడ దించిరా" అంది గుల్జార్ బేగం. గొంతు పెంచలేదు, అదే భయం వేసేలా ఉంది. "బిడ్డని బతికించుకుంటే ఎత్తుకుని రమ్మను. ఇదీ పోతే మాత్రం రావొద్దను. ఎడ్లపాడులో మా చెల్లెలి ఆడబిడ్డకు కూతురుంది. నేను ఆగింది చాలు."

షహనాజ్ ఎదురు చూసింది. మొగుడు ఏదో ఒకటి అంటాడని. అది ఎంత చిన్న మాటైనా సరే, దాన్ని పట్టుకుని నిలబడాలని. సుభానీ పళ్లెం పక్కకు నెట్టి, చెయ్యి కడుక్కుని పెరట్లోకి పోయాడు.

*

పెరట్లో సుభానీ పాత కొలిమి గుంట పక్కన కూర్చుని ఉన్నాడు. షహనాజ్ బియ్యం డబ్బా అడుగు నుంచి గుడ్డ తీసుకుని వెళ్లి అతని ముందు పరిచింది.

అతను దాన్ని ముట్టుకోలేదు.

"ఊరోళ్ల గిన్నెల్లో ఎప్పుడూ కలపలా" అన్నాడు చాలాసేపటికి. "నాయన మీద ఒట్టు."

"మరి ఇదేంది?"

"ఊరోళ్లు బొటనవేలుతో రుద్ది చూస్తారు. తిరగేసి చూస్తారు. అంతా చూసుకుని గాని తీసుకుపోరు. మనింట్లో ఎవురు చూస్తారు? అమ్మ చూస్తదా, నువ్వు చూస్తావా?" అతను గొంతు తగ్గించాడు. "తగరం ధర మండిపోతంది. స్టీలు సామాన్లొచ్చి పని సగమైంది. ఉన్న తగరం బేరాలకే చాలట్లా. బిందెల చిల్లులకి మాట్లు వేయగా మిగిలిన సీసం ముక్కలుంటయ్యి. వాటిల్లో కాస్త తగరం కరిగించి మన తపేలాకి వేశా. మెరిసిందిగా. ఇంటి గిన్నే గదా అనుకున్నా."

"ఎప్పటి నుంచి?"

అతను కొలిమి గుంటలో బూడిద పుల్లతో కెలికాడు.

"నేను కాపరానికి వచ్చిన కాడ నుంచేనా?"

అతను తలూపాడు.

షహనాజ్ మెల్లగా నేల మీద కూర్చుంది. మొదటిది. తర్వాత పిల్లాడు. ఇప్పుడు ఇది. మూడుసార్లూ వేవిళ్లలో ఆమెకు పులుపే కావాల్సి వచ్చింది. మూడుసార్లూ ఆ తపేలాలోనే గోంగూర ఉడికింది, చింతకాయ ఉడికింది, తెల్లవార్లూ ఆ పులుపు కళాయిలోని సీసాన్ని లాక్కుంటూ అందులోనే నానింది. ఆమె లేచి దాన్ని గిన్నెలో ఒంపుకుని తాగింది. ఎంత ఇష్టంగా తాగిందో.

"ఈసారి నువ్వు పులుపు మరీ అడుగుతున్నావని" అన్నాడు సుభానీ, "చిలుం పట్టకుండా ఉంటదని, రెండు పూతలు వేశా. మందంగా."

అతను ఏడుస్తున్నాడు. ఇంకో రోజైతే షహనాజ్ కూడా ఏడ్చేది. ఇప్పుడు ఆమెకు ఏడుపు రాలేదు. ఊరంతటికీ మంచి కళాయి వేసిన మనిషి తన ఇంటికి మాత్రం చెత్త మిగిల్చాడు. అది మోసం కూడా కాదు. మోసమైతే కోపం తెచ్చుకోవచ్చు. ఇంటి గిన్నే కదా అనుకున్నాడు. ఇంటి మనిషే కదా అనుకున్నట్టే లెక్క.

"అత్తకి చెప్పండి" అంది.

"చెప్పలేను."

"ఎందుకని?"

"విన్నావుగా ఇందాక. నాయన పేరు మీద బతుకుతా ఉంది. నేను సీసం పట్టుకున్నానంటే నన్ను గడప తొక్కనీదు. ఆ మాట బయటికి పొక్కితే ఊళ్లో ఒక్క గిన్నె నా కాడికి రాదు. మన గిన్నెకే వేశానంటే ఎవురు నమ్ముతారు?" అతను దగ్గరికి జరిగాడు. "నువ్వు అన్న కాడికి పో. ఆడ అంతా స్టీలు గిన్నెలే. పులుసు ఉండదు, తపేలా ఉండదు. బిడ్డ దక్కుద్ది. నేను ఆదివారం ఆదివారం వస్తా."

"మీ అమ్మ నన్ను తిండి పారబోసేదాన్నంటది. బిడ్డల్ని మింగినదాన్నంటది. ఎడ్లపాడు పోయి ఇంకో పిల్లని చూస్తానంటది."

"అననీ. నాలుగు నెలలు ఓర్చుకో. తర్వాత నేనే నెమ్మదిగా..."

"నెమ్మదిగా" అంది షహనాజ్.

అంతే అంది. ఆ పెరట్లో వాళ్లిద్దరూ ఇంకా చాలాసేపు కూర్చున్నారు. ఒకరి పక్కన ఒకరు కూర్చున్నా, ఆమెకు అప్పటికే బెల్లంకొండలో ఉన్నట్టు ఉంది.

*

ఆదివారం పొద్దున బస్టాండ్‌లో జనం పెద్దగా లేరు. సుభానీ ట్రంకుపెట్టె భుజాన పెట్టుకుని ముందు నడిచాడు. బయల్దేరేటప్పుడు గుల్జార్ బేగం గుమ్మం లోపలే నిలబడింది. ఖుదా హాఫిజ్ అని షహనాజ్ అంటే ఆమె తిరిగి అనలేదు.

బెల్లంకొండ బస్సు వచ్చి ఆగింది. సుభానీ పెట్టె పైన వేయడానికి నిచ్చెన వైపు తిరిగాడు.

"పెట్టె దించండి" అంది షహనాజ్.

"ఏంది?"

"నేను ఎక్కను."

"ఎక్కకుండా? ఇంటికి వస్తావా? ఆ తపేలా..."

"ఆ ఇంట్లో మెతుకు ముట్టను. అన్న కాడికి పోతా. కానీ తప్పు చేసినదానిలాగా పోను." సుభానీ అడ్డం వచ్చాడు. అయినా ఆమె ఆపలేదు. "వదిన నన్ను ఒక్క పూట మర్యాదగా చూడదు, మీకు తెలుసు. అత్తింటోళ్లు తరిమేశారని తెలిస్తే మూలన పడేసి గంజి పోస్తది. డాక్టరమ్మ పాలు తాగమంది, జావ తాగమంది. తరిమేసినదానికి పాలు ఎవురిస్తారు? మీరు ఇంటికి పోయి చెప్పండి. సీసం వేసింది మీరేనని చెప్పండి. అత్త నా పక్కన నిలబడితే అన్న పాలిప్పిస్తాడు, వదిన నోరు మూస్తది. ఈ బిడ్డ బతకాలంటే అది కావాలి."

"షహనాజ్, జనం చూస్తన్నారు."

"చూడనీండి. సాయంత్రం నాలుగింటికి ఇంకో బస్సు ఉంది. అప్పటిదాకా ఇక్కడే కూర్చుంటా."

బస్సు వెళ్లిపోయింది. సుభానీ పెట్టె బల్ల పక్కన దించి, కాసేపు నిలబడి, తలగుడ్డ విప్పి మళ్లీ కట్టుకుని వెళ్లిపోయాడు. ఇంటికి వెళ్తున్నాడో అంగడికి వెళ్తున్నాడో ఆమెకు తెలియలేదు. రెండింటికీ దారి ఒకటే.

ఎండ ముదిరింది. బస్సులు వచ్చాయి, పోయాయి. మాచర్ల వెళ్లేవాళ్లు, గురజాల వెళ్లేవాళ్లు, మూటలతో, పిల్లలతో, కేకలతో. ఆమె వైపు చూసేవాళ్లు చూశారు. ఒక పెద్దావిడ "ఎన్నో నెలమ్మా?" అని అడిగింది. ఏడో నెల అంటే నమ్మదు. "ఐదు" అని చెప్పింది షహనాజ్. ఆ అబద్ధం ఆడేటప్పుడు కడుపులో ఉన్నదాన్ని ఎవరికో తక్కువ చేసి చెప్పినట్టు అనిపించి, కొంగు కప్పుకుని మనసులోనే క్షమించమంది.

రెండు అరటిపళ్లు తింది. కొట్టు దగ్గర గ్లాసుడు పాలు అడిగి తాగింది. తాగి చెయ్యి కడుపు మీద పెట్టుకుని, ఇది పోతుందా నీకు, అందుతుందా, అని అడిగింది. లోపల ఎక్కడో చిన్నగా కదిలింది. జవాబో కాదో తెలియనంత చిన్నగా కదిలింది.

ఒంటిగంట దాటాక చర్చి నుంచి వస్తూ కృపమ్మ కనిపించింది. చేతిలో బైబిలు, తెల్లచీర. షహనాజ్‌ని చూసి గబగబా వచ్చింది.

"ఇదేంది తల్లీ, ఒక్కదానివే ఈడ? మొహం ఏంది అట్టా ఉంది? ఏమన్నా అన్నదా మీ అత్త? నాతో చెప్పమ్మా. నేను నీ తల్లి లాంటిదాన్ని గాదా?"

ఆ తల్లి అన్న మాటకు విషయమంతా షహనాజ్ నోటి దాకా వచ్చింది. చెప్పేద్దామనే అనుకుంది. చెబితే ఎంత తేలికవుతుందో అనుకుంది. కానీ చెబితే సాయంత్రానికల్లా సుభానీ కొలిమి చల్లారుతుంది. అప్పుడు పాలు అసలే ఉండవు.

"ఏం లేదు పిన్నీ. అన్న కాడికి పోతున్నా. బస్సు తప్పిపోయింది."

కృపమ్మ నమ్మలేదు. నమ్మినట్టు తలూపి, రెండుసార్లు వెనక్కి తిరిగి చూస్తూ వెళ్లింది.

నాలుగు కావస్తోంది. బెల్లంకొండ బస్సు వచ్చి నిలబడింది. కండక్టర్ ఊళ్ల పేర్లు అరుస్తున్నాడు. షహనాజ్ గేటు వైపు చూసింది. సుభానీ రాలేదు. గుల్జార్ బేగం వచ్చింది, ఒక్కతే. ఎప్పుడూ కాలికి చెప్పులు లేకుండా వీధిలోకి రాని మనిషి ఒట్టికాళ్లతో వచ్చింది.

వచ్చి ట్రంకుపెట్టెకు అవతలి వైపు బల్ల మీద కూర్చుంది. ఆయాసం తీరేదాకా కొంగుతో ముఖం తుడుచుకుంది.

"చెప్పాడు" అంది.

షహనాజ్ ఆమె దుమ్ము కొట్టుకున్న కాళ్ల వైపు చూసింది.

"చెప్పి, ఏడ్చి, మూలన పడుకున్నాడు. అన్నం తినలా." గుల్జార్ బేగం చూపు బస్సు మీద ఉంది. "పిల్లోడు పోయిన రోజు నిన్ను పాపిష్టిదానివన్నా. నీ పాలల్లోనే విషం ఉందన్నా. గుర్తుందా?"

"ఉంది."

"నాకూ ఉంది."

అత్తగారి చెయ్యి బల్ల మీద మెల్లగా జరిగి, ట్రంకుపెట్టె మీదికి వచ్చి ఆగింది. ఆ చెయ్యి తన తల మీదికి వస్తుందని షహనాజ్ అనుకుంది. రావాలని ఎంతగా కోరుకుందో ఆమెకే సిగ్గేసింది. తల్లి పోయిన తర్వాత ఎవరూ ఆమె తల మీద చెయ్యి వేయలేదు. ఆ ఒక్క చెయ్యి పడితే ఉన్న బాధంతా ఇక్కడే వదిలేసి బస్సు ఎక్కేది.

చెయ్యి పెట్టె మీదే ఉంది.

"మద్దేనం కృపమ్మ ఈ దారినే వచ్చిందంట గదా" అంది గుల్జార్ బేగం.

"వచ్చింది."

"మంగళవారం డాక్టరమ్మ కాడికి పోవాలా నువ్వు?"

"పోవాలి. ఇంట్లో సీసం యాడుందో చెప్పమంది."

కండక్టర్ ఈల వేశాడు. గుల్జార్ బేగం మొదటిసారి కోడలి కళ్లలోకి చూసింది. ఆ ఇంట్లో అడుగుపెట్టిన ఇన్నేళ్లలో షహనాజ్ అత్తగారి ముఖంలో కోపం చూసింది, విసుగు చూసింది, అప్పుడప్పుడు కాస్త ప్రేమ కూడా చూసింది. బతిమాలడం ఎప్పుడూ చూడలేదు.

"ఎవురికీ చెప్పలేదు గదా షహనాజా? మీ మామ పేరు పోతది."

"ఇంకా లేదు" అంది షహనాజ్.